పెద్ద కూలరు

ఒహాయోలోని ఆ చిన్న విమానాశ్రయంలో పళ్ళ డాక్టరు థర్మన్ ఆరేళ్ళుగా సొంత చేతులతో విమానం కట్టుకుంటున్నాడు. ఇంజన్ నూనెను చల్లబరిచే కూలరు బిగించగానే, మెచ్చుకుంటుందని వెల్డాను పిలిచాడు. ఆవిడ నలభై ఏళ్ళు విమానాల ఇంజన్లు విప్పిన మెకానిక్కు. మెచ్చుకోవడం ఆవిడ ఒంటికి పడదు. ఈ ఆరేళ్ళలో విమానానికి రెక్కలు మొలిచాయిగానీ డాక్టరు బుర్రలో ఏమీ మొలవలేదని ఆవిడ గట్టి నమ్మకం.

"దొరికినవాటిలో ఇదే పెద్దది," అన్నాడు థర్మన్ మురిసిపోతూ.

వెల్డా కూలరు వెనక్కి చెయ్యి పెట్టబోయింది. రెండు వేళ్ళే దూరాయి. ఇంజన్ వెనకున్న రేకు గోడకి దాన్ని ఆనించినట్టే బిగించేశాడు మహానుభావుడు.

"ముందునుంచి గాలి దూరుతుంది, సరే. తర్వాత ఎటు పోతుంది?"

"ఎటో అటు పోతుందిలే. పెద్దది కదా!"

"పేషెంటు నోట్లోకి గాలి ఊది, ముక్కూ నోరూ మూసేస్తే ఎటు పోతుందయ్యా డాక్టరూ? నాలుగంగుళాలు ముందుకి జరుపు."

"జరిపితే ఇంజన్ పైమూత పట్టదు. దానికి రంగు కూడా వేయించేశాను."

"అయితే ఆ రంగు చూసుకుంటూ ఎగురు."

నేలమీదే ఇంజన్ నడిపి చూశారు. పది నిమిషాలు కాకుండానే నూనె వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటిపోయింది. థర్మన్ ఇంజన్ ఆపి ముల్లుకేసి గుర్రుగా చూశాడు.

"ఈ మీటరు దొంగది."

"అవును. ఇంకా పెద్ద కూలరు కొను," అంది వెల్డా చేతులు తుడుచుకుంటూ.

థర్మన్ జేబులోంచి పెన్సిలు తీశాడు. "ఎంత సైజుది?"