చెంగు చాటు నవ్వు

నాలుగింటికి కారు వస్తుంది. రేపు పొద్దున్న రాజమండ్రి ఆసుపత్రిలో, చేపలమ్మే రత్తమ్మగారి కింది దవడ సగం తీసేస్తారు. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని నలభై ఏళ్లు చుట్ట కాల్చిన ఫలితం. ఈలోగా ఆమె నవ్వుతున్న ఫొటో ఒక్కటి కావాలని మనవరాలు రమ్యశ్రీ నన్ను అమలాపురం స్టూడియో నుంచి ఓడలరేవు రప్పించింది.

"ఉన్న ఫొటోలన్నిట్లోనూ మూతి బిగించుకునే ఉంటాదండి. ఆ నవ్వు మాకు మిగలాలండి" అంది.

అదెంత పని అనుకున్నాను. ఇరవై ఏళ్ల నుంచి కెమెరా పట్టినవాణ్ణి, ఆ పొగరు కొంత ఉంది. ఆమెకు పట్టుచీర కట్టించి, కిటికీ వెలుగు మొహం మీద పడేలా కుర్చీ వేయించాను. అప్పటికి మూడుంపావు.

రమ్యశ్రీ ఏదో వేళాకోళమాడితే మామ్మ నవ్వింది. నా వేలు బటన్ మీద పడేలోపే చెంగు నోటికి అడ్డం వచ్చేసింది. సెకనుకు పది ఫొటోలు పడేలా పెట్టాను. మళ్లీ నవ్వింది. పదింటిలోనూ చెంగే. ఎక్కువ తీస్తే ఒకటైనా మంచిది పడుతుందని నలుగురికీ చెప్పేవాణ్ణి. నూట ఎనభై చెంగులు తీశాక నాకు ఒళ్లు మండిపోయింది.

"చెయ్యి దించండి!" అని కసిరాను.

"పళ్లు గారపట్టేసినయ్ బాబూ. సిగ్గేస్తాది" అందామె కళ్లు దించుకుని. అంత పెద్దావిడను కసిరినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

మూడూ నలభై. "చేపలమ్మేటప్పుడూ ఇంతేనా?" అని రమ్యశ్రీని అడిగాను.

"అప్పుడెలా కుదురుద్దండి? రెండు చేతులూ చేప మీదే ఉంటాయి కదండీ."

వెంటనే కత్తిపీట తెమ్మన్నాను. పక్కింట్లోంచి పండుగప్ప చేప ఒకటి వచ్చింది. "పట్టుచీరతోనా?" అని మామ్మ గొణిగింది గానీ, చూరు నీడలో పీట ముందు కూర్చోగానే మనిషే మారిపోయింది. భుజాలు విచ్చుకున్నాయి. నేను పది అడుగులు వెనక్కి జరిగి, లెన్స్ లాగి, షటర్ వేగం పెంచి, ఆమె కంటి మీద ఫోకస్ నిలిపాను. వీధి చివర కారు హారన్ వినిపించింది.

"మామ్మగారూ, ఈ శీలావతి నిన్నటిదిలా ఉందే?" అన్నాను కావాలనే.

ఆమె చెయ్యి ఆగిపోయింది. "ఏంటీ? శీలావతా? ఒసే రమ్యా, పండుగప్పని పట్టుకుని చెరువు చేపంటాడే! ఈ అమలాపురపోళ్లకి తినడమే గానీ చూడ్డం రాదే!"

నవ్వింది. చెయ్యి అలవాటుగా చెంగు వైపు వెళ్లి, అంటుకున్న పొలుసులు చూసుకుని, పట్టుచీర పాడవుతుందని గాల్లోనే ఆగింది. బటన్ నొక్కి పట్టుకున్నాను. ఇరవై మూడు పడ్డాయి. కొన్నింట్లో తల కదిలింది, కొన్నింట్లో కళ్లు మూతపడ్డాయి. ఒక్కటి మాత్రం కుదిరింది. నోరంతా తెరిచి, గారపళ్లతో, కళ్లు వెలిగిపోతూ రత్తమ్మగారు.

కారు గుమ్మం ముందు ఆగింది. ఆమె చేతులు కడుక్కొచ్చి కెమెరా తెరలోకి చాలాసేపు చూసింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు.

"బాగానే ఉన్నానే!" అంది మనవరాలితో. "ఇది ఆ డాక్టరు బాబుకి చూపించు. మళ్లీ ఇలాగే కుట్టెయ్యమని చెప్పు."