నవ్వుల సిస్టర్

"పంచదార తక్కువైంది" అంటూ నాన్న కప్పు బల్ల మీద పెట్టేశాడు. "మీ అమ్మయితే చెప్పించుకునేది కాదు. రెండో చెంచా తనే వేసేది."

నలభై దాటినా ఇంట్లో అందరికీ ఈ కూతురు ఇంకా చిన్నదే. ఆ చిన్నది కప్పు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. అమ్మ ఏనాడూ రెండో చెంచా వేయలేదు. డాక్టరు వద్దన్నాడని, ఖాళీ చెంచాతో గలగలా తిప్పి తెచ్చి ఇచ్చేది. నాన్న ఆ చప్పుడే తాగి, "ఇప్పుడు సరిపోయింది" అనేవాడు. ఈ సంగతి చెప్పేద్దామని చిన్నదానికి నోటిదాకా వచ్చింది. చెబితే అమ్మను మెచ్చుకున్నట్టో, పట్టిచ్చినట్టో తేలక, తనూ ఖాళీ చెంచాతోనే తిప్పి తెచ్చి ఇచ్చింది. నాన్న ఒక గుక్క తాగి, "ఆఁ, ఇలా ఉండాలి" అన్నాడు.

అమ్మ పోయి నెల దాటింది. జబ్బు లేదు, మంచం పట్టింది లేదు. మధ్యాహ్నం బట్టలు మడతపెడుతూ అలా ఒరిగిపోయింది. ఆమె నర్సుగా చేసి రిటైరైన ఆసుపత్రిలో ఇవాళే సంతాప సభ. అక్కడ చిన్నది మాట్లాడాలి. ఏం మాట్లాడాలో మేనత్త పొద్దుటి నుంచీ నూరిపోస్తోంది. "నీళ్ళు నమలకుండా గట్టిగా చెప్పవే. రాత్రంతా డ్యూటీ చేసొచ్చి, కళ్ళు మూతలు పడుతున్నా మొగుడికి వేడివేడిగా వండిపెట్టిందని చెప్పు. ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదని చెప్పు. మహాతల్లి, ఇన్నేళ్ళలో పైకి నవ్విందే లేదు, అంత నెమ్మది!" మేనత్త లెక్కలో అది మెచ్చుకోలే.

ఉత్త సంతాప సభే అయితే చిన్నదానికి ఇంత గుబులు ఉండేది కాదు. నాన్నను ఎవరు చూసుకోవాలన్నది అన్నయ్య అప్పుడే తేల్చేశాడు. చిన్నది బడి ఆఫీసులో ఉద్యోగం మానేసి, మొగుణ్ణీ కూతుర్నీ తీసుకుని వచ్చి నాన్న ఇంట్లో ఉండాలి. "మీ వదినకి నడుం నొప్పి, నాకేమో ఎప్పుడూ క్యాంపులు. నీదేముందే, పిల్లల హాజరు చూసుకునే ఉద్యోగమేగా" అన్నాడు. ఆమె మొగుడు ఆమెను ఒక్క మాటైనా అడక్కుండా, బావగారికి ఫోన్లోనే సరే అనేశాడు. తర్వాత తీరుబడిగా, "మీ నాన్న ఇంట్లో గాలీ వెలుతురూ బాగుంటాయి" అని ఆమె చెవిన వేశాడు. నిజానికి నాన్నకి ఏ రోగమూ లేదు. పొద్దున్నే పార్కుకి వెళ్ళి, తన ఈడువాళ్ళందరితో గొంతు పోయేలా వాదించి, నడిచి ఇంటికొస్తాడు. స్టవ్ వెలిగించడం మాత్రం రాదు. సభలో నలుగురి ముందూ ఈ ఏర్పాటు చెప్పేస్తానన్నాడు అన్నయ్య. అంటే తను లేచి అమ్మ చాకిరీని ఎంత గొప్పగా పొగిడితే, అంత ఇష్టంగా ఆ చాకిరీ నెత్తికెత్తుకున్నట్టు. పొగడకపోతే కన్నతల్లికి అన్యాయం చేసినట్టు. ఆమెకు ఎటూ పాలుపోలేదు. చీర మార్చుకుని అందరితోపాటు బయల్దేరింది.

ఆసుపత్రి హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ముందు బల్ల మీద అమ్మ ఫోటో, పక్కన పూలు. ఇంట్లో వెతగ్గా వెతగ్గా దొరికింది ఆ ఒక్క ఫోటోనే, మూతి బిగించుకుని, ఎవరో తిడుతుంటే వింటున్నట్టు ఉంటుంది. దాని ముందు నిలబడి ఒక ముసలి ఆయా తెల్లబోయి చూస్తోంది.

"ఈవిడ మా నవ్వుల సిస్టరేనా అమ్మా?" అని చిన్నదాన్ని అడిగింది.

"ఎవరూ?"

"మీ అమ్మగారే. వార్డంతా అలాగే పిలిచేవాళ్ళం. ఆపరేషన్ అయినవాళ్ళు పొట్ట పట్టుకుని, 'సిస్టర్, మీకు దండం పెడతాం, నవ్వించకండి, కుట్లు ఊడిపోతాయి' అని మొత్తుకునేవాళ్ళు. ఈ ఫోటో ఏంటమ్మా, ఇలా ఉంది?"

చిన్నది ఆ ఫోటోని ఇంకోసారి చూసింది. వెళ్ళి నాన్న పక్కన కూర్చుంది. అన్నయ్య లేచి త్యాగమూర్తి, సేవామూర్తి అంటూ ఉన్న మూర్తులన్నీ వాడేసి కూర్చున్నాడు. తర్వాత రిటైరైన మేట్రన్ చేతికర్ర పట్టుకుని మెల్లగా మైకు దగ్గరికి వచ్చింది. నాన్న మొహం చిట్లించుకున్నాడు. వాళ్ళింట్లో ఈ మేట్రన్ పేరు చెబితే పళ్ళు నూరతారు. ఏళ్ళ తరబడి అమ్మకి నైట్ డ్యూటీలు వేసి కాల్చుకుతిన్నది ఈవిడే మరి. "నీ మీద ఆవిడకేంటే అంత కక్ష?" అని నాన్న అడిగినప్పుడల్లా అమ్మ తలొంచుకుని, "ఏం చేస్తాం, వేశారు, వెళ్ళాలి" అనేది.

"ఈ పిల్లతో నాకు ఎప్పుడూ ఒకటే గొడవ" అంది మేట్రన్. "మిగతావాళ్ళు నైట్ డ్యూటీ తప్పించమని నా కాళ్ళావేళ్ళా పడేవాళ్ళు. ఈవిడేమో వేయమని పడేది! ఆరోగ్యం పాడవుతుందే, ఇంటి దగ్గర చిన్నపిల్లలే అంటే వినదే. ఎందుకే నీకింత మోజు అని నిలదీస్తే ఏమందో తెలుసా? 'ఇక్కడైతే జబ్బు తగ్గినవాళ్ళు ఇంటికి వెళ్ళిపోతారు మేడం. మా ఇంట్లో ఎవరికీ తగ్గదు, ఎవరూ వెళ్ళరు!' అంది."

హాలు హాలంతా పకాలున నవ్వింది. నర్సులు ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నారు. నాన్న అటూ ఇటూ చూసి, అందరూ నవ్వుతున్నారు కదా అని తనూ కాస్త నవ్వి, సగంలో ఆపేశాడు.

చిన్నదానికి నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. అడిగి వేయించుకుందా? తనకి టైఫాయిడ్ వచ్చి మంచంలో పడున్నప్పుడు, వెళ్ళొద్దమ్మా అని కొంగు పట్టుకుని ఏడిస్తే, అమ్మ తన వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి, "తప్పదమ్మా, వేశారు" అని వెళ్ళింది. ఎవరు వేశారే అమ్మా? ఆ రాత్రి కూడా ఇక్కడికొచ్చి ఎవరినో నవ్వించావా? ఒళ్ళు మండిపోయింది ఆమెకు, పోయిన మనిషి మీద, ఫోటోలో మూతి బిగించుకున్న మనిషి మీద. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ నవ్వు ఇంటికి తెస్తే ఏం పోయేది? అనుకోగానే అమ్మ ఇంట్లో నవ్విన రోజొకటి గుర్తొచ్చింది. వంటింట్లో దేనికో గట్టిగా నవ్వితే, ముందు గదిలోంచి నాన్న, "ఏంటా ఇకిలింపు, పక్కింటివాళ్ళు వింటారు" అన్నాడు. అంతే, టప్పున ఆగిపోయింది. మరి తను? రోజూ సాయంత్రం ఇంటి కిందికి వచ్చాక కూడా స్కూటర్ మీదే కూర్చుని, మొగుడు ఫోన్ చేస్తే "ట్రాఫిక్‌లో ఉన్నా" అంటుంది. ఎందుకంటుందో ఆమెకే తెలియదు. కూతురంటే ప్రాణం కాదా? ప్రాణమే. అయినా మెట్లెక్కబుద్ధి కాదు. అయితే అమ్మకీ తనంటే ప్రాణమేనా, ప్రాణమై కూడా వెళ్ళిందా, ప్రాణం కాదు కాబట్టి వెళ్ళిందా? అడుగుదామంటే మనిషి లేదు. ఏది నమ్మితే అమ్మకి న్యాయమో, ఏది నమ్మితే తనకి ఓదార్పో ఎంత ఆలోచించినా అంతు చిక్కలేదు. ఒక్కటి మాత్రం అర్థమైంది. అమ్మ అంత అబద్ధమాడి తప్పించుకున్న ఇంట్లోకే తనను ఇప్పుడు పంపుతున్నారు.

ఇంతలో అన్నయ్య గబగబా మైకు అందుకున్నాడు. "అమ్మ లేని లోటు నాన్నకి తెలియకుండా మా చెల్లెలు ఉద్యోగం మానేసి వచ్చి ఆయన దగ్గరే ఉంటుంది. తల్లికి తగ్గ కూతురు!" చప్పట్లు మోగాయి. మేనత్త వీపు మీద తట్టి, "వెళ్ళవే, నే చెప్పినట్టు చెప్పు" అంది. మొగుడు నిండుగా నవ్వుతున్నాడు.

చిన్నది మైకు ముందు నిలబడింది. "మా అమ్మ గురించి చెప్పమన్నారు. నాకేం చెప్పాలో తెలియడం లేదు. మీరు చెప్పినావిడ మా ఇంటికి ఎప్పుడూ రాలేదు. మా ఇంట్లో ఉన్నావిడని మీరు చూడలేదు. ఇద్దరిలో మా అమ్మ ఎవరో నాకు నిజంగా తెలియదు." ఆగి, మొదటి వరసలో ఉన్న నాన్న వైపు చూసింది. "నాన్నా, నేను ఉద్యోగం మానను. మీ ఇంటికి ఉండడానికి రాను. స్టవ్ వెలిగించడం ఈ సాయంత్రమే నేర్పిస్తాను. మీరు నేర్చుకోగలరు."

మొగుడి నవ్వు మొహం మీదే బిగుసుకుపోయింది. అన్నయ్య "ఏయ్ చిన్నదానా" అని లేవబోయాడు. నాన్న అంతకంటే ముందే కుర్చీలోంచి, నలుగురూ ఉన్నారన్నది కూడా మరిచి, "మీ అమ్మ ఏనాడైనా ఇలా ఎదురు చెప్పిందా?" అని అరిచాడు.

"లేదు నాన్నా" అంది చిన్నది. "అమ్మ చెప్పకుండా వెళ్ళిపోయేది. నేను చెప్పి వెళ్తున్నాను."