ఐదో వరస మీద వేలు

మా అల్లుడు విమానం నడిపేవాడు. పెద్దదేమీ కాదు. నలుగురు పట్టేది, ఒకే ఇంజను, రెక్క మీద కాలు పెట్టి ఎక్కేది. ఒక ఫ్యాక్టరీ ఓనరుగారి సొంతం. అది ఎగిరే మైదానంలోనే నేను ముప్పై ఏళ్ళుగా పెట్రోలు పోస్తున్నాను, చక్రాల కింద దిమ్మలు తీస్తున్నాను, అందరూ ఎక్కాక తలుపు వేస్తున్నాను. వీటిలో మాట్లాడవలసిన పని ఒక్కటీ లేదు. అందుకే నాకు నప్పింది.

షెడ్డులో మెకానిక్కు నాకు 'మాటల మూట' అని పేరు పెట్టాడు. నేను లోపల అడుగు పెడితే చాలు, "వచ్చాడ్రా మాటల మూట, ఇక మన చెవులు చిల్లులే" అనేవాడు. నేను పలికేవాణ్ణి కాదు. దానికి ఇంకా నవ్వేవాడు.

అల్లుడికి ఒక పద్ధతి ఉండేది. ఇంజను తిప్పే ముందు చూసుకోవలసినవి ఒక అట్ట మీద పదిహేడు వరసలు రాసి ఉండేవి. ఒక్కో వరస మీద వేలు పెట్టి, పైకి చదివి, రెండో చేత్తో ఆ మీట ముట్టుకుని, అప్పుడు వేలు కిందికి జరిపేవాడు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే వేలు మళ్ళీ మొదటి వరసకు వెళ్ళాల్సిందే. పదహారు అయిపోయినా సరే. సీట్లో కూర్చోగానే వెనక కొక్కేనికి ఒక ఎర్ర గుడ్డ తగిలించేవాడు. అది వేలాడుతున్నంతసేపూ ఎవరూ నోరు విప్పకూడదు. ఫోన్లు కట్టేయాలి. తన ఫోనైతే గంట ముందే కట్టేసేవాడు.

ఓనరుగారు మొదట్లో గొణిగాడు. "నా విమానంలో నా నోటికే తాళమా?"

"పది నిమిషాలే సార్. పైకెళ్ళాక గుడ్డ తీసేస్తా. అప్పుడు మీరు పాట పాడినా వింటా."

"నా పాట వింటే దూకేస్తావు."

"మా మామయ్య తలుపు గట్టిగా వేస్తారు సార్. దూకలేను."

కొత్తగా ఎక్కేవాళ్ళకు నన్ను చూపించేవాడు. "ఆయన్ని చూసి నేర్చుకోండి. పిల్లనిచ్చేటప్పుడు కూడా మూడు మాటలే మాట్లాడారు."

నిజానికి రెండే.

ఆ రోజు పొద్దున ఎడమ ట్యాంకులో నీళ్ళు చేరాయని మెకానిక్కు దాన్ని ఖాళీ చేశాడు. అడుగున కాస్త మిగిలింది. కుడి ట్యాంకు నేను నిండా పోశాను. ఆ సంగతి మెకానిక్కే అల్లుడికి చెప్పాడు. ఏ ట్యాంకు నుంచి ఇంజనుకు పోవాలో మార్చే పెట్రోలు మీట ఎప్పుడూ ఎడమకే ఉంటుంది, ఆ రోజు కుడికి తిప్పాలి. అంతే తేడా. అట్ట మీద అది ఐదో వరస.

తొమ్మిదింటికి షెడ్డులో ఫోను మోగింది. నాకే. మా మనవరాలు, ఆరేళ్ళది.

"తాతా, నా పన్ను ఊడింది! నాన్న ఫోను కట్టేశాడు. నువ్వు చెప్పు. పైకి వెళ్ళకముందే చెప్పాలి. ఒట్టా?"

"ఒట్టు."

నేను వెళ్ళేసరికి అల్లుడు సీట్లో ఉన్నాడు. గుడ్డ వేలాడుతోంది. ఓనరుగారు ఇంకా కారు దగ్గరే నిలబడి ఫోను మాట్లాడుకుంటున్నాడు, ఎక్కాక కుదరదని. నేను రెక్క ఎక్కి తలుపు దగ్గర వంగాను. మూడో తరగతి చదువు నాది. అక్షరాలు కూడబలుక్కోవాలి కానీ వరసలు లెక్కపెట్టగలను. వేలు ఐదో దాని మీద ఉంది. చెయ్యి ఇంకా మీట దాకా వెళ్ళలేదు.

ఆగొచ్చు. ఇంకా పన్నెండు వరసలు, రెండు నిమిషాలు. కానీ ఓనరుగారు వచ్చాక ఇంటి సంగతులేం చెబుతాం అనిపించింది. ముప్పై ఏళ్ళలో ఎన్నడూ చెయ్యని పని చేశాను.

"చిన్నదానికి పన్ను ఊడింది" అన్నాను.

అతను ఉలిక్కిపడి తలెత్తాడు. ముఖమంతా విప్పారింది. "ఊడిందా? పైదా, కిందదా?"

"కిందది."

"దొంగపిల్ల! రాత్రంతా కదిపిందే దాన్ని!" అని నవ్వి, అట్ట వైపు తిరిగాడు. వేలు మొదటి వరసకు వెళ్ళలేదు. ఆరో దాని మీద పడింది. అక్కడి నుంచి చదువుకుంటూ పోయాడు.

నేను చూశాను. మొదటి నుంచి చదువు అల్లుడూ అనాలి. నాలుక చివరిదాకా వచ్చింది. ఒకసారి మాట్లాడి తప్పు చేశాను, మళ్ళీ మాట్లాడితే మళ్ళీ చెదురుతాడని నోరు మూసుకున్నాను. ఓనరుగారు వచ్చి చప్పుడు చెయ్యకుండా వెనక కూర్చున్నాడు. నేను తలుపు గట్టిగా వేసి దిగాను.

ఎడమ ట్యాంకు అడుగున మిగిలింది రన్‌వే దాటేవరకు సరిపోయింది. నాలుగంతస్తుల ఎత్తులో ఇంజను చప్పుడు ఆగిపోయింది. విమానం మైదానం గోడ అవతల పడింది. ఓనరుగారికి తుంటి విరిగింది. అల్లుడు అక్కడే పోయాడు.

పెట్రోలు మీట ఎడమకే ఉందని విచారణకు వచ్చిన అధికారులు చెప్పారు. అమ్మాయి నమ్మలేదు. "మా ఆయన వరస తప్పడు. ఎవరో పలకరించి ఉంటారు. ఆ ఓనరే వాగుంటాడు. కాదని వాడు ఏ దేవుడి మీద ఒట్టేసినా నమ్మను. మా ఆయన్ని మాట్లాడించినవాడి ముఖం జన్మలో చూడను నాన్నా."

ఓనరుగారు ఆసుపత్రి మంచం మీద నుంచి, "గుడ్డ వేలాడుతోందయ్యా, నేను నోరెత్తలేదు" అని చెప్పి పంపాడు. ఎవరూ నమ్మలేదు. నేను ఊరుకుంటే తప్పు ఆయన మీదే పోయేది. పదకొండు రోజులు ఊరుకున్నాను. అమ్మాయి ఇంట్లోనే తిని, అక్కడే పడుకుని ఊరుకున్నాను.

పన్నెండో రోజు విచారణ గదికి వెళ్ళాను. బల్ల, రెండు కుర్చీలు, గోడకు గడియారం. అధికారి చిన్న వయసువాడు.

"చెప్పండి పెద్దాయనా."

"మాట్లాడించింది నేను."

అతను కలం తీశాడు. అన్నీ చెప్పాను. ఐదో వరస, వేలు ఆరుకు పోవడం, నేను చూసీ ఊరుకోవడం. ఆ పొద్దున అతనితో మాట్లాడింది ఆ ఒక్కసారేనని కూడా చెప్పాను.

"ఏమన్నారు అతనితో?"

గడియారం వైపు చూశాను. చిన్నది ఎదుగుతుంది. చదువు వస్తుంది. ఏదో ఒక రోజు ఈ కాగితం దాని చేతిలో పడుతుంది.

"భోజనం తెచ్చుకున్నావా అని అడిగాను."

అతను నా ముఖం చూశాడు. రాసుకున్నాడు. నేను అక్షరం అక్షరం పేర్చి సంతకం పెట్టాను.

నకలు అమ్మాయికి ఇచ్చారు. చదివి వంటగదిలోంచి వచ్చింది. అరవలేదు. అరిచినా బాగుండేది.

"తిండి సంగతా నాన్నా? పెళ్ళయిన పదేళ్ళలో ఒక్కనాడూ బాగున్నావా అని అడగలేదు ఆయన్ని. ఆ రోజే అడగాలా? అదీ తిండి గురించా?"

నేను సంచి సర్దుకుని షెడ్డు వెనక గదికి వెళ్ళిపోయాను. మెకానిక్కు ఇప్పుడు నన్ను మాటల మూట అనడు. ఏ పేరుతోనూ పిలవడు.

నెల తర్వాత నా చొక్కాలు మిగిలిపోతే తెచ్చుకోవడానికి ఒక సాయంత్రం అమ్మాయి ఇంటికి వెళ్ళాను. అమ్మాయి తలుపు తీసి లోపలికి నడిచింది, రమ్మనలేదు. చిన్నది పరుగెత్తుకొచ్చింది. పన్ను ఊడిన చోట కొత్తది తెల్లగా మొలుస్తోంది.

"తాతా, నా పన్ను సంగతి నాన్నకి చెప్పావా? ఒట్టేశావు కదా."

అమ్మాయి నా చొక్కాలు మడతపెడుతోంది, అటు తిరిగి.

లేదు అంటే ఆ పిల్ల ముఖం ఏమవుతుందో చూస్తూనే ఉన్నాను.

"చెప్పానమ్మా. ముందే చెప్పాను. కింద నిలబడి ఉన్నప్పుడు. విమానం ఎక్కకముందే."

"ఏమన్నాడు?"

"పైదా, కిందదా అన్నాడు. దొంగపిల్ల, రాత్రంతా కదిపిందే దాన్ని అన్నాడు."

చిన్నది నోరు మూసుకుని నవ్వింది. అచ్చం వాళ్ళ నాన్నలా మాట్లాడావు తాతా అంది. ఎవరికో చెప్పాలని వీధిలోకి పరుగెత్తింది.

చొక్కా మడత ఆగిపోయింది. అమ్మాయి అటే తిరిగి ఉంది.

"ఒక్కసారే మాట్లాడానని రాయించావు కదా నాన్నా."

నేను వీధి వైపు చూశాను.

వీధిలో చిన్నది పక్కింటివాళ్ళకు చెప్పడం వినిపిస్తోంది. పైదా, కిందదా అన్నాడంట మా నాన్న. అమ్మాయి అదంతా వింది. గోడ పట్టుకుని నిలబడింది. నా వైపు తిరగకుండానే చొక్కాలు సంచిలో పెట్టింది.

"తిండి సంగతే" అంది. "ఎవరడిగినా, ఎప్పుడడిగినా తిండి సంగతే."

సంచి నా చేతికిచ్చింది.