కదపకూడని బిందె

కృప పెట్టిన మాట ఐదోసారి కూడా వాట్సాప్ గ్రూపులో నిలవలేదు. పొద్దున పెడితే మధ్యాహ్నానికి అడ్మిన్ తీసేశాడు. దాని పైనా కిందా ఎవరెవరో పంపిన గులాబీ పూలు, శుభోదయాలు మాత్రం చెక్కుచెదరలేదు.

ఆ మాట పెద్దదేమీ కాదు. మార్కాపురంలో ఇంజనీరింగ్ చదివే పిల్లలు కొందరు 'నీళ్ళబండి' అని ఒక యాప్ తయారుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చారు. దాని లోపలి కోడ్ కూడా దాచలేదు. తెలిసినవాళ్ళు ఎవరైనా చూసి దిద్దవచ్చు. ట్యాంకరు ఎక్కడుందో, ఎక్కడ నీళ్ళు పోసిందో అందులో కనబడుతుంది. అయితే తయారుచేసినవాళ్ళు ఊరినీ, ఊరికి ఆవలున్న పల్లెనూ ఒకే చోటుగా పెట్టారు. డ్రైవరు ఊళ్ళో ట్యాంకరు ఖాళీ చేసి 'అందినవి' అని నొక్కితే, పల్లెలో అరవై ఇళ్ళకూ అందినట్టే. పన్నెండు రోజులుగా అలాగే అందుతున్నాయి. కృప వాళ్ళమ్మ దీనమ్మ మిరపకోతకు పోవడం మానుకుని, మైలు దూరంలోని పొలం బోరు నుంచి ఉప్పునీళ్ళు మోస్తోంది.

"మా పల్లెను వేరే చోటుగా చూపండి." కృప రాసిందల్లా అంతే.

యాప్ వాడేవాళ్ళకు ఒక గ్రూపు. కోడ్ రాసేవాళ్ళకు ఇంకెక్కడో ఇంకొక గ్రూపు. ఇక్కడి మాట అక్కడ చేరవేయవలసిన మనిషి ఒక్కడే, కాలేజీలో చదివే అడ్మిన్ రాజేష్.

ఆ ఆదివారం చర్చిలో ఆరాధన ముగిసే వేళకు రాజేష్ యాప్ పోస్టర్లు అంటించడానికి బైకు మీద పల్లెకు వచ్చాడు. ట్యాంకరు ఆగవలసిన చోట ఇంటికొకటి చొప్పున ఖాళీ బిందెలు వరసగా ఉన్నాయి. మనిషి కూలికి పోయినా, కాన్పుకు పోయినా ఆమె వంతును ఆమె బిందె కాస్తుంది. నీళ్ళు పడేదాకా దాన్ని ఎవరూ కదపరు. ఇంట్లో కొళాయి ఉన్న రాజేష్‌కు అది తెలియదు. బైకు స్టాండు వేయడానికి అడ్డమొచ్చిందని ఒక బిందెను తీసి పక్కన పెట్టాడు.

"ఏయ్! చెయ్యి తియ్యి!" చర్చిలోంచి వస్తున్న ఆడవాళ్ళంతా ఒక్కసారే అరిచారు.

రాజేష్ బెదిరిపోయాడు. "ఏందక్కా, ఖాళీ బిందే గదా!"

"ఖాళీనా?" దీనమ్మ నడుముకు కొంగు చుట్టింది. "నీ ఫోన్లో నిండినాయంట గదా నాయనా! ఏ బిందెలో పోసినారో చూపియ్యి, తాగి చల్లగుంటాం."

"అట్లాంటివి గ్రూపులో చెప్పాలక్కా."

"మా పిల్ల ఐదుసార్లు చెప్పింది."

"అవా... నేనే తీసేసినా. చెప్పిందే చెప్తే గ్రూపు పాడైతాది. కోడ్ రాసేవాళ్ళకు నేను చెప్తాలే."

"చెప్పినావా?"

రాజేష్ తల గోక్కున్నాడు. "పరీక్షలొచ్చినాయి. మర్చిపోయినా."

బడిలో పేరు పిలిస్తే 'ప్రజెంట్ సార్' అనడానికి కూడా నోరు పెగలని కృప ముందుకొచ్చింది.

"మనిషి లేకున్నా ఆమె బిందెను మేం కదపమన్నా. నువ్వు నన్ను ఐదుసార్లు వరసలోంచి తీసి పారేసినావు. ఎవరినడిగి తీసినావు?"

రాజేష్ బిందెను తెచ్చి మళ్ళీ వరసలో పెట్టాడు.

"అందరి మాటలూ వరసగా నిలబడే చోటు లేదా మీకు?" కృప మళ్ళీ అడిగింది.

"ఉంది. కోడ్ ఉన్న పేజీలోనే ఎవరైనా రాయొచ్చు. రాసేవాళ్ళంతా చూస్తారు. కాకపోతే అంతా ఇంగ్లీషు. మీకెందుకులే అని..."

"మాకెందుకులే అని చెప్పలేదా? తియ్యి ఆ పేజీ."

అతని ఫోను లాక్కుని, అరుగు మీద కూర్చుని, కృప ఆరోసారి అదే మాట తెలుగులోనే రాసింది. కింద ఇంకొక వాక్యం చేర్చింది: 'ఈ పేజీ దారి గ్రూపులో అందరికీ చెప్పాలి. నీళ్ళు పడేదాకా ఎవరి మాటా తీయకూడదు.'

గంట గడవకముందే కోడ్ రాసే సుధారాణి తెలుగులోనే జవాబిచ్చింది. "ఐదుసార్లు చెప్పినారా? మాకు ఒక్కటీ రాలేదమ్మా. పల్లెను ఇప్పుడే వేరు చేసినా."

రాజేష్ తేలిగ్గా ఊపిరి వదిలి, ఫోను మీద చెయ్యి వేశాడు. "చూసినావా, అయిపోయింది! ఇంక ఆ మాట తీసేద్దామా?"

కృప ఫోను ఇవ్వలేదు. ట్యాంకరు రావలసిన రోడ్డు వైపు చూసింది. దుమ్ము కూడా లేవడం లేదు.

"చెయ్యి తియ్యన్నా," అంది. "బిందె ఇంకా ఖాళీగానే ఉంది."