మోటారు ఆన్ చేయబడినది

కర్టెన్లు సబ్బునీళ్ళలో వేసి కాళ్ళతో తొక్కుతోంది నూకరత్నం. ఈ ఇంటికి వచ్చాక వాటి అసలు రంగేమిటో మరిచిపోయింది. ఎంత ఉతికినా ఎర్రమట్టి దిగుతూనే ఉంటుంది. ఇంకో విడత నీళ్ళు మారుద్దామని బకెట్టు అందుకునేసరికి, మిట్టమధ్యాహ్నం, ఎవరూ అడక్కుండానే, జీడిచెట్ల అవతల బోరు దగ్గర మోటారు గుర్రుమంది.

పొద్దున్నే నిండిన ట్యాంకు అది. కాసేపటికే మేడ మీంచి నీళ్ళు ధారగా కిందికి దూకాయి.

“ఒలే రత్నం! మీ ఆయన మోటారేసీసినాడే! మెరపకాయలు తడిసిపోతన్నాయి!” అని అరిచింది అరుగు మీంచి అత్త దేముడమ్మ.

సబ్బుకాళ్ళతోనే పరుగెత్తింది రత్నం. జారబోయి, గోడ పట్టుకుని నిలదొక్కుకుని, ఎండలో పాతచీర మీద పరిచిన మిరపకాయల్ని చీరతో సహా పోగుచేసింది. ఇంతలో మోటారు ఆగింది. హమ్మయ్య అనుకుని నడుం ఎత్తేలోగా మళ్ళీ మొదలైంది. మళ్ళీ ఆగింది. ఎవరో తలుపు కొట్టి, ఆగి, పలకకపోతే మళ్ళీ కొట్టినట్టు.

“ఆడికేటి సరదా అయిపోయిందా? డ్యూటీలో కూకుని ఆటలాడతన్నాడేటి?” అంది దేముడమ్మ.

ఈ మధ్య రత్నానికి ఒకచోట నిలబడాలనిపించడం లేదు. కర్టెన్ల దగ్గరికి పోయింది, వాటిని వదిలి వంటింట్లోకి పోయింది, ఎందుకొచ్చిందో గుర్తురాక గేటు దాకా నడిచింది. గేటు అవతల చూడ్డానికి ఏమీ లేదు. తుప్పలు. తుప్పల్లో నంబర్లు రాసిన సర్వే రాళ్ళు. వాటి మీద ఎక్కి కూర్చునే నెమళ్ళు. ఆ పైన కొండ.

పద్మనాభం ఊరు దాటి, తారురోడ్డు వదిలి, జీడితోటల మధ్య మట్టిదారిలో వస్తే ఉన్న ఒకే ఒక్క ఇల్లు వాళ్ళది. లేఅవుటు వేసినప్పుడు అందరూ స్థలాలు కొన్నారు గానీ, కట్టినవాడు ఆమె భర్త శ్రీరామ్మూర్తి ఒక్కడే. “రిటైరయ్యీలోగా సొంతింట్లో ఉండాల,” అని పట్టుబట్టి ఉక్కునగరంలో స్టీలుప్లాంటు క్వార్టరు ఖాళీ చేశాడు. తీరా వచ్చాక, ఇక్కణ్ణుంచి షిఫ్టులకి వెళ్ళడం కుదరదని గాజువాకలో తమ్ముడింట్లో ఉంటూ, వీక్లీ ఆఫ్‌కి మాత్రం వస్తున్నాడు. సొంతింట్లో ఉండాలన్నది ఆయన కోరిక. ఉంటున్నది రత్నమూ, ఆయన తల్లీ.

ఆయన లేకపోయినా ఇల్లు మాత్రం ఆయన జేబులోనే ఉంది. గుమ్మం మీద కెమెరా పెట్టించాడు. అన్నం తింటుంటే దాంట్లోంచి “రత్నం, గేటుకి గొళ్ళెం పెట్టలేదు సూడు,” అని గొంతు వినిపిస్తుంది. మొదటిసారి ఆమెకి పొలమారింది. దేముడమ్మ మాత్రం కొడుకు అందులోనే కాపురముంటున్నట్టు దాని కింద పీట వేసుకుని “తిన్నావేట్రా నాయినా?” అని పలకరిస్తుంది. పక్క లేఅవుటు వాళ్ళ జేసీబీ తవ్వి ఇంటర్నెట్ వైరు తెంపేసినప్పటి నుంచి కెమెరా మూగబోయింది. అత్తకి కొడుకు ఊరెళ్ళినట్టుంది. రత్నానికి వీపు మీంచి ఎవరో చెయ్యి తీసినట్టుంది.

మోటారుకి మాత్రం ఆ వైరుతో పని లేదు. దాని స్టార్టరు డబ్బాలో సిమ్ కార్డు ఉంది. ఆయన ప్లాంటులోంచి రింగిస్తే మోటారు ఆన్ అవుతుంది. ఇంకో రింగిస్తే ఆఫ్ అవుతుంది. ఉదయమూ సాయంత్రమూ, తోటివాళ్ళు చూస్తుండగా “ఇక్కడ నిల్సుని అక్కడ నీల్లెడతన్నాను సూడు బావా,” అని చెప్పుకుని మురిసిపోతాడు.

ఆ సిమ్ రత్నానిది.

అది బిగించిన రోజు ఆమె కుట్టుమెషీను ముందు కూర్చుని ఉంది. బోరు దగ్గర్నుంచి చెమటలు కక్కుతూ వచ్చాడు శ్రీరామ్మూర్తి. “నా సిమ్ముకి అక్కడ ఒక్క గీతా రాట్లేదు. నీదైతే ఫుల్లుగా ఉంది. నీది మోటారుకెట్టీద్దాం.”

“మరి నాకో?”

“ఇంట్లో వైఫై ఉంది కదేటి, వాట్సాప్‌లో మాటాడుకో. అయినా నీకెవులు సేత్తారు ఫోన్లు, జాకెట్లోల్లు తప్ప? మళ్ళీ వచ్చినప్పుడు కొత్తది తెస్తాన్లే. ఆ గుండుసూది ఇలాగియ్యి.”

ఇచ్చింది. సూదిబొంత మీంచి పీకి తనే చేతికిచ్చింది. ఆ సూదితోనే ఆయన ఆమె ఫోను పక్కన పొడిచి, గోరంత ముక్కని బయటికి లాగాడు. “బయటోల్లు సేసినా మోటారు తిరిగీదేమో?” అని అడిగితే, “మన నంబరుకే పనిసేసీలా సెట్టింగుంటాది, అదంతా నాను పెడతాన్లే,” అన్నాడు. ఆ తర్వాత ఎన్ని వీక్లీ ఆఫ్‌లు వచ్చినా కొత్త సిమ్ రాలేదు. అడిగితే “అయ్యో, మర్చిపోయేన్రా బాబూ” అని నెత్తి కొట్టుకునేవాడు. బోరుకి కావలసిన బోల్టు మాత్రం ఎప్పుడూ మర్చిపోలేదు.

ఇల్లు ఆయన పేరున ఉంది. క్వార్టరూ ఆయన పేరునే ఉండేది. గ్యాసూ కరెంటూ అన్నీ ఆయన పేరే. క్వార్టర్లుండే సెక్టారులో కొత్తవాళ్ళకి ఆమె శ్రీరామ్మూర్తి గారి మిసెస్. కానీ ఎక్కడెక్కడో ఆడవాళ్ళ ఫోన్లలో ఆమె నంబరు పది అంకెల మీద ‘రత్నం టైలర్’ అని రాసి ఉండేది. ఒకామె పాత డైరీలో ‘చేతులు బాగా కుదిర్చే రత్నం’ అని రాసుకుంది. బట్టలు ఆరేస్తున్నా, కూర తాళింపులో ఉన్నా, ఆ ఫోను మోగితే అది ఆమె కోసమే మోగేది. అటువైపు ఎవరో ఒకరు తన పేరు పెట్టి పిలిచేవారు. అది పెద్ద విషయమని అప్పుడు అనుకోలేదు. సిమ్ తీసిన చోట చిన్న సందు ఉంది కదా, ఫోను పక్కన, అందులో వేలిగోరు పెట్టి తడుముతూ ఇప్పుడు అనుకుంటోంది.

పైగా ఒక ఫోను రావలసి ఉంది. క్వార్టర్లలో పక్కింట్లో ఉండే ఇంద్రజ ఇప్పుడు ఆనందపురంలో ఉంటోంది. జంక్షన్ దగ్గర బ్లౌజుల షాపు పెడతానంది. “షాపు కుదిరిన రోజు ఫోన్ సేత్తాను రత్నం. కటింగ్ టేబులు నీది. తుప్పల్లో నెమళ్ళకి జాకెట్లు కుడతావేటి, వచ్చీ,” అని రత్నం వాళ్ళ సామాన్లు లారీ ఎక్కించిన రోజే చెప్పింది. ఆ మాట రత్నం ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఫోను వచ్చాక చెప్పొచ్చులే అనుకుంది.

వీక్లీ ఆఫ్‌కి వచ్చిన శ్రీరామ్మూర్తి చెప్పులు విప్పకముందే గోడ పక్కన బురద చూశాడు. “ఏటిది? ట్యాంకు పొర్లిపోతంటే సూత్తా కూకున్నావా?”

“మీరు మధ్యాహ్నం కూడా రింగిస్తన్నారు కదండీ.”

“నానా? పొద్దుటేల, సాయంత్రం, అంతే. నువ్వేదో నొక్కుంటావ్. ఆ డబ్బా మీద సెయ్యెయ్యొద్దని సెప్పేనా లేదా? షాక్ కొట్టి సచ్చిపోతావ్. ఇంట్లో కూకుని నీల్లకి కాపలా కూడా కాయలేవు.”

ఇంట్లో కూకుని. ఆ మాట ఆయన కారం లేకుండానే అన్నాడు, ఉప్పు అందుకోమన్నట్టు. కర్టెన్లు, మిరపకాయలు, అత్త మోకాళ్ళకి నూనె, పాము దూరకుండా గుమ్మం చుట్టూ తుప్పలు కొట్టడం, పొయ్యి, అంట్లు, ఇవన్నీ కూర్చునే చేస్తున్నట్టుంది తను. వారం రోజుల ఆయన బట్టలు సంచిలోంచి తీసి నానబెడుతూ అనుకుంది. మర్నాడు మెకానిక్‌కి చెబుతానంటూ ఆయన వెళ్ళిపోయాడు. మోటారు మాత్రం తన ఇష్టం వచ్చినప్పుడు తిరుగుతూనే ఉంది.

రెండ్రోజులకి, ఎండ ముదరకముందే, మట్టిదారిలో ఒక మనిషి నడిచి వస్తూ కనిపించింది. తల మీద బుట్ట లేదు గనక రత్నం వెంటనే పోల్చుకోలేకపోయింది. తీరం నుంచి సెక్టారుకి చేపలు తెచ్చే చిట్టమ్మ. చేతిలో బట్టలషాపు సంచి.

“ఓలమ్మో, ఎక్కడికొచ్చి పడ్డావమ్మా రత్నమ్మా! పద్మనాభంలో దిగి, ఉక్కునగరం నుంచి తుప్పల్లోకొచ్చినోల్ల ఇల్లేదని అడుక్కుంటా వచ్చేను. మా దేవికి పెళ్ళి కుదిరింది. జాకెట్లు నువ్వే కుట్టాల. ఇంకెవులు కుట్టినా అది ఏసుకోదంట.”

“ముందే ఫోన్ చేస్తే నానే పద్మనాభం వచ్చీదాన్ని కదా చిట్టమ్మా.”

“సెయ్యకేటి? ఎన్నిసార్లు సేసినా ఎవులో ఆడమనిసి ఎత్తతాది. ‘మోటారు ఆన్ చేయబడినది’ అంటాది. మల్లీ సేత్తే ‘ఆఫ్ చేయబడినది’ అంటాది. తల్లీ, రత్నమ్మని ఒక్కసారి పిలవమ్మా అంటే టక్కుమని పెట్టీసింది. పనికెట్టుకున్నారేటి దాన్ని? అంత పొగరేటమ్మా దానికి?”

దేముడమ్మ బోసినోరు తెరిచి పకపకా నవ్వింది. రత్నమూ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే ముఖం అలాగే ఆగిపోయింది.

“చిట్టమ్మా, ఏదీ, ఇప్పుడు చెయ్యి.”

చిట్టమ్మ కొంగుముడి విప్పి చిన్న ఫోను తీసి నొక్కింది. జీడిచెట్ల అవతల మోటారు గుర్రుమంది.

“ఓలమ్మోలమ్మో!” చిట్టమ్మ ఫోను వేడికుండలా పట్టుకుంది. “నానేటి సేసేను?”

రత్నం ఫోను లాక్కుని, ఇంకోసారి నొక్కి, చెవికి పెట్టుకుంది. తన నంబరులోంచి ఎవరో మాట్లాడారు. “మోటారు ఆఫ్ చేయబడినది. ధన్యవాదములు.” మెత్తటి గొంతు. అలసట లేదు, విసుగు లేదు, ఎదురుప్రశ్న లేదు. ఎవరు ఏ వేళ పిలిచినా చెప్పిన పని చేసి, చేశానని చెప్పి, థాంక్స్ కూడా తనే చెప్పి ఊరుకుంటోంది. ఇంట్లో అందరూ ఇన్నేళ్ళూ తన దగ్గర వెతికిన గొంతు ఇదే కదా అనిపించింది రత్నానికి.

సెట్టింగు పెడతానన్న మనిషి పెట్టలేదు. ఎవరు చేసినా మోటారు తిరుగుతోంది. అంటే గోడ పక్కన బురదంతా తనని పిలిచిన వాళ్ళది. తిరిగిన ప్రతిసారీ ఎవరో ‘రత్నం’ అనడానికి నోరు తెరిచి, మోటారు సంగతి విని, నోరు మూసుకున్నారు. తను కొంగు బిగించి మిరపకాయలు ఎత్తుకుంది.

“చిట్టమ్మా, మధ్యాహ్నం పూట కూడా చేసేవా?”

“మద్దేనమా? సేపలమ్మొచ్చి పడుకుంటాను కదమ్మా అప్పుడు.”

ఆన్, ఆఫ్, మళ్ళీ ఆన్, మళ్ళీ ఆఫ్. అంత మొండిగా తలుపు కొట్టే మనిషి తనకి ఒక్కతే ఉంది.

తన ఫోనులో నంబరు చూసి చిట్టమ్మ ఫోనులో నొక్కింది. ఇంద్రజ గొంతు వినగానే “నాను, రత్నాన్ని,” అంది రత్నం. సంగతి ముక్కలుముక్కలుగా చెప్పింది. ఇంద్రజ ముందు నవ్వింది, తర్వాత తిట్టింది.

“వాట్సాప్‌లో పెడితే ఒక్క టిక్కు దగ్గరే ఉండిపోయింది. ఫోన్ చేస్తే ఆ మోటారావిడ. నంబరు మార్చీసేవు, చెప్పడం కూడా దండగనుకున్నావు అనుకున్నాను. షాపు తెరిచీసేన్రా. ఇంకో ఆవిడితో మాటాడీసేను కూడా, రేపు వస్తానంది.”

“అయిపోయిందా మరి?”

అటువైపు కుట్టుమెషీను చప్పుడు ఆగింది. “ఆవిడికి కుట్టు వచ్చు గానీ కటింగ్ రాదు. నువ్వు రేపు పొద్దుట వచ్చీ, ఇద్దరూ ఉందురు. కానీ ఒక మాట రత్నం. సీజన్లో నాను రోజుకి పదిసార్లు ఫోన్ చేస్తాను. చేస్తే ఎత్తే మనిషివైతేనే రా. మోటారుతో మాటాడ్డానికి నాకు ఖాళీ లేదు.”

చిట్టమ్మ సంచిలో తెచ్చిన పాత జాకెట్టు మీంచి ఆమె కూతురి కొలతలు రాసుకుని, టీ ఇచ్చి పంపేశాక, రత్నం మెషీను సొరుగులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసింది. బాబిన్ కేసు బిగించడానికి వాడేది. మెయిన్ స్విచ్ కట్టేసి, బోరు వైపు నడిచింది. వెనక కర్ర టకటకలాడించుకుంటూ దేముడమ్మ.

“ఆడికి సెప్పకుండా సెయ్యెడతావేటే? షాక్ కొడతాదన్నాడు.”

“కరెంటు తీసేసేనత్తమ్మా. ఆయన డబ్బా ఆయనకే ఉంటాది. నాది నాను తీసుకుంటన్నాను.”

ఎండిన జీడాకులు దులిపి డబ్బా మూత విప్పింది. గోరంత ముక్క, దుమ్ము పట్టి, లోపల బుద్ధిగా కూర్చుని ఉంది. పైటకొంగుతో తుడిచింది. తన ఫోను సందులో పెట్టి నొక్కితే టిక్కుమంది. కాసేపు వెతుక్కుని, గీతలన్నీ నిండుగా వచ్చాయి. సిమ్ తీసినప్పటి నుంచి మూగగా పడున్న ఆ ఫోను చేతిలో ఒకసారి వణికింది.

“మరి నీల్లో?” అంది దేముడమ్మ.

మూత బిగించి, వెనక్కి వెళ్ళి మెయిన్ వేసి వచ్చి, డబ్బా మీద పచ్చబొత్తాం చూపించింది రత్నం. “ఇది నొక్కితే వస్తాయి. ఎర్రది నొక్కితే ఆగుతాయి. ఇవెప్పుడూ ఇక్కడే ఉన్నాయత్తమ్మా.”

దేముడమ్మ అనుమానంగా కర్ర చివరతో పొడవబోయి, మనసు మార్చుకుని వేలితోనే నొక్కింది. మోటారు గుర్రుమంది. ముసలామె ముఖం చిన్నపిల్లలా వెలిగింది. “ఇంతేనేటి? ఈ మాత్రం దానికి గాజువాక నుంచి ఫోన్లేటే! రోజూ నానే ఏత్తాను, నువ్వు అడ్డురాకు.”

సాయంత్రం రత్నం అరుగు మీద కూర్చుని చిట్టమ్మ తెచ్చిన గుడ్డ పరిచి సుద్దతో గీత గీస్తుండగా ఫోను మోగింది. తెర మీద ఆయన పేరు. ప్లాంటు గేటు దగ్గర నలుగురిలో నిలబడి ఉంటాడు, ఫోను స్పీకరులో పెట్టి. ఆమె గీత చివరిదాకా గీసి, సుద్ద పక్కన పెట్టి, ఎత్తింది.

“హలో.”

రావలసిన గొంతు కోసం ఆయన ఎదురుచూస్తున్నాడు. “హలో? ...మోటారూ...?”

“మోటారు అత్తమ్మ వేసేరండీ. ట్యాంకు నిండిపోయింది.”

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. “ఏటిది? నువ్వెత్తేవేటి?”

“రేపట్నుంచి పగలు ఆనందపురంలో ఉంటానండీ. ఇంద్రజ షాపు తెరిచింది, కటింగ్‌కి రమ్మంది.”

“అది కాదే! మోటారుకి చేస్తే నువ్వెత్తేవేటి అని అడుగుతన్నాను!”

రత్నం ఫోనుని రెండో చెవికి మార్చుకుంది.

“ఇది నా నంబరండీ. నానెత్తకపోతే ఇంకెవులెత్తుతారు?”