అడవిమల్లె అంటు

మృగశిర కార్తె వచ్చిందంటే చెవిటికల్లులో మిరప నారుమళ్లకు తొలి దోసిలి విత్తనం బసవమ్మ చేతే చల్లించేవారు. ఆమె చేతి చలవ అలాంటిదని పేరు. వేదాద్రి గుట్టల నుంచి తెచ్చి ఆమె పెరట్లో పెంచిన తంగేడు, విష్ణుకాంత, శంఖపుష్పం చూసి, ఎండుపుల్ల ఇచ్చినా చిగురేయిస్తుందని అమ్మలక్కలు అనుకునేవారు.

ఆ అడవిపూల పెరట్లో లేనిదల్లా అడవిమల్లె. అది గోడ అవతల తోడికోడలు పుష్పవతి కంచె మీద ఉంది. కొమ్మను నేలకు వంచి, కణుపు మీద మట్టి కప్పి రాయి పెడితే, ఏడాది తిరిగేసరికి అక్కడ వేళ్లు దిగుతాయి. అప్పుడు తల్లితీగ వైపు కోసి అంటు తెచ్చుకోవాలి. అడగ్గానే పుష్పవతి ఒప్పుకుంది. ఏడాది నిండాక రోహిణి కార్తెలో ఓ వాన పడగానే తనే కోసి, వేళ్లు కదలకూడదని మట్టిముద్ద పెట్టి, గోనెపట్టా చుట్టి మరీ ఇచ్చింది. వారం తిరక్కుండా అది మాడిపోయింది. మరుసటేడూ అంతే.

నీ చెయ్యి వేడెక్కిందేమోనని పుష్పవతి జాలిపడింది. బావి దగ్గర నలుగురి ముందూ అలాగే జాలిపడినట్టుంది, ఆ ఏడు తొలి దోసిలికి రైతులంతా పుష్పవతినే పిలిచారు. బసవమ్మ తన చేతిని తనే నమ్మడం మానేసి, చిన్న మొక్కయినా పాలేరు చేత నాటించసాగింది.

మూడో అంటు వచ్చినరోజు, పట్టా ఎండిందని నీళ్ల గోలెంలో ముంచింది. మట్టి కరిగి, చేతిలో నున్నటి పుల్ల మిగిలింది. పోగంత వేరు లేదు.

వెళ్లి పుష్పవతి కంచె కింద రాయి ఎత్తి చూసింది. కణుపు నిండా తెల్లటి వేళ్లు. కోత తల్లితీగ వైపు కాదు, వేళ్లున్న కణుపును వదిలేసి కొస వైపు పడింది.

"ఇదేందక్కా?"

పుష్పవతి బొంకలేదు. చేటలో బియ్యం ఏరుతూనే చెప్పింది. "నేను కాపరానికొచ్చి ఇరవయ్యేళ్లు. మొన్నటిదాకా ఒక్కళ్లు నన్ను పిలవలా. నువ్వు అడుగుపెట్టిన ఏడే నిన్ను పిలిచారు. ఈ తీగా నీ కంచెకే ఎక్కితే ఇంక నా దగ్గరేముంటది?"

"చెప్పుంటే నేనే నిన్ను వెంటబెట్టుకెళ్లేదాన్నిగా."

"నీ వెనకాల రావటానికా?"

అంతలో కృష్ణయ్య అనే రైతు వాకిట్లోకి వచ్చి, మడి తయారుగా ఉందని పుష్పవతిని పిలిచాడు. బసవమ్మ చేతిలో పుల్ల అతని ముందు పెట్టింది.

"ఇదీ పోగొట్టావా అమ్మాయ్?" ఆమె చెప్పేలోపే అన్నాడు నొచ్చుకుంటూ.

పుష్పవతి కాళ్లు కడుక్కుని, పసుపు రాసుకుని అతని వెంట వెళ్లింది.

బసవమ్మ కొడవలి తెచ్చి, ఈసారి తల్లితీగ వైపు కోసింది. వేళ్ల కణుపును మట్టితో సహా పెళ్లగించి తన పెరట్లో గుంట తీసి దించింది. ఇంక మట్టి పూడ్చడమే మిగిలింది. తన తప్పేమీ లేదని ఇప్పుడు ఆమెకు తెలుసు. అయినా చెయ్యి ముందుకు రాలేదు. మట్టి పూడ్చమని పాలేరును కేకేసింది.