ఆడో గడ్డం

మా మోసెల్ నది ఒడ్డున, కుర్రాడి తొలి గడ్డాన్ని ఏ దొర కత్తిరిస్తే ఆ దొర వాడికి తండ్రి అవుతాడు. వారిన్ దొర యుద్ధం నుంచి వస్తూ, చనిపోయిన స్నేహితుడి కొడుకు రికోబెర్‌ను వెంట తెచ్చి, అందరి ముందూ వాడి గడ్డం కత్తిరించి చెంప నిమిరాడు. దొర కన్నకొడుకు ఆడో గుమ్మం దగ్గర నిలబడి చూశాడు. అతని గడ్డం అప్పటికే మెడదాకా దిగింది.

"నాదెప్పుడు కత్తిరిస్తావు నాన్నా?"

"నువ్వు నా రక్తానివేరా, నీకెందుకీ తతంగం? పాపం, వాడికెవరూ లేరు."

"వాడి చెంప నిమిరినట్టు నన్నెప్పుడైనా నిమిరావా?"

"గడ్డం మేకపోతులా పెంచావు, చెయ్యి పెడితే గుచ్చుకోదూ?" అని దొర నవ్వాడు. రికోబెర్ కూడా నవ్వాడు. ఆ రెండో నవ్వుకే ఆడో మొహం నల్లబడింది.

ఆడో తన నౌకరునైన నన్ను గుర్రాలకు జీను వెయ్యమన్నాడు. ఇద్దరం నది దాటాం. తండ్రికి బద్ధశత్రువైన మిలో దొర ముందు మోకరిల్లి గడ్డం చాచాడు. మిలో దొర నెమ్మదిగా, చర్మానికి తగలకుండా కత్తిరించి చెంప నిమిరాడు. ఆడో కళ్ళు మూసుకున్నాడు.

నేనొక్కడినే తిరిగొచ్చి జరిగింది చెప్పాను. వారిన్ దొర నా ఖాళీ చేతులకేసి చూశాడు.

"ఆ వెంట్రుకలైనా తెచ్చావా?" అన్నాడు.

"లేదు దొరా. మిలో దొర దాచుకున్నాడు."